మన జీవో, వాళ్ల ట్రిబ్యునల్: గుంటూరు ప్రసంగ పాఠం

(గుంటూరులో న్యాయవాదులు, లా విద్యార్థుల కోసం జరిగిన ఒక సభలో ఓ న్యాయవాది చేసిన ప్రసంగం ఇది. రాలేకపోయినవాళ్లు అడుగుతున్నారని రికార్డింగ్ విని టైప్ చేశాం. తడబాట్లు తీసేశాం, మిగతాదంతా ఆయన మాట్లాడినట్టే ఉంచాం.)

అందరికీ నమస్కారం. వెనక వరసల్లో వాళ్లకి వినిపిస్తోందా? మైకు కాస్త దగ్గరగా పెట్టుకుంటాను. ఇప్పుడు సరేనా? సరే.

విదేశీ పెట్టుబడిదారులకీ ప్రభుత్వాలకీ మధ్య జరిగే ఆర్బిట్రేషన్, అంటే కోర్టు బయట మధ్యవర్తులు తగువు తేల్చే పద్ధతి గురించి మాట్లాడమన్నారు. ఈ సబ్జెక్ట్ పేరు వినగానే మనలో చాలామందికి ఏమనిపిస్తుంది? ఇది ఢిల్లీ వాళ్ల పని, సింగపూర్, లండన్ లాయర్ల పని, గుంటూరు కోర్టులో సివిల్ దావాలు, చెక్ బౌన్స్ కేసులు చూసుకునే మనకి దీంతో ఏం పని అనిపిస్తుంది. పని ఉంది. చాలా ఉంది. ఎందుకంటే ఇలాంటి కేసుల్లో ఎన్నో పుట్టేది ఢిల్లీలో కాదు. ఒక రాష్ట్ర సచివాలయంలో, ఒక కలెక్టరేట్‌లో, ఒక్కోసారి ఒక చిన్న మున్సిపాలిటీ మీటింగులో పుడతాయి. ఆ కాగితాన్ని పదేళ్ల తర్వాత ఎక్కడో హేగ్‌లో ముగ్గురు మధ్యవర్తులు ముందు పెట్టుకుని చదువుతారు. అందులో ఏముంది, ఏం లేదు అన్నదాన్ని బట్టి దేశం కట్టాల్సిన డబ్బు మారుతుంది.

మున్సిపాలిటీ అన్నాను కదా, ఊరికే అనలేదు. మెక్సికోలో గ్వాదల్కాసర్ అని ఒక చిన్న మున్సిపాలిటీ. అక్కడ మెటల్‌క్లాడ్ అనే అమెరికా కంపెనీ ప్రమాదకర వ్యర్థాలు పూడ్చే కేంద్రం కట్టింది. కేంద్ర ప్రభుత్వం అనుమతులు ఇచ్చింది, ఇంక అడ్డు లేదని కంపెనీకి నమ్మకం కలిగించింది. ఊళ్లో జనం ఒప్పుకోలేదు. ఒప్పుకోకపోవడంలో తప్పేమీ లేదు, మన ఊళ్లో పెడతామన్నా మనం ఒప్పుకోం. కట్టడం దాదాపు పూర్తయ్యాక మున్సిపాలిటీ సమావేశమై నిర్మాణ పర్మిట్ ఇవ్వం అని తీర్మానించింది. ఆ సమావేశానికి కంపెనీకి నోటీసు లేదు. వాళ్ల వాదన ఎవరూ వినలేదు. తర్వాత రాష్ట్ర గవర్నర్ ఆ ప్రాంతాన్ని పర్యావరణ రక్షిత ప్రాంతంగా ప్రకటించాడు. కంపెనీ ఆర్బిట్రేషన్‌కి వెళ్లింది. 2000 ఆగస్టులో ట్రిబ్యునల్, అంటే ఆ కేసు విన్న మధ్యవర్తుల బృందం, మెక్సికో దేశాన్ని కోటి 66 లక్షల డాలర్లకి పైగా కట్టమంది. పర్మిట్ కాదన్నది ఒక ఊరి కౌన్సిల్, బిల్లు పడింది దేశం మీద. తర్వాత కెనడా కోర్టు ఆ అవార్డులో, అంటే ట్రిబ్యునల్ తీర్పులో, కొంత భాగాన్ని కొట్టేసినా డబ్బు మాత్రం చాలావరకు నిలబడింది.

ఇక్కడ మీరు పట్టుకోవాల్సిన సూత్రం ఒకటుంది. రాష్ట్ర ప్రభుత్వం చేసినా, జిల్లా అధికారి చేసినా, స్థానిక సంస్థ చేసినా, అంతర్జాతీయ చట్టం ముందు అది దేశం చేసిన పనే. అంతర్జాతీయ న్యాయ కమిషన్ 2001లో రాసిన సూత్రాల్లో నాలుగో ఆర్టికల్ ఇదే చెబుతుంది. "అది మా రాష్ట్ర సబ్జెక్ట్ అండీ, ఏడో షెడ్యూల్ చూడండి" అని మన రాజ్యాంగంలో కేంద్రం, రాష్ట్రాల అధికారాల జాబితా చూపిస్తే అక్కడ చెల్లదు. సొంత చట్టం చూపించి ఒప్పందం తప్పించుకోకూడదని, దేశాల ఒప్పందాల నియమాలు చెప్పే వియన్నా ఒప్పందంలో 27వ ఆర్టికల్ ఉంది.

మన పొరుగునే జరిగింది చూడండి. నిస్సాన్ కంపెనీకి తమిళనాడు ప్రభుత్వం 2008లో కొన్ని రాయితీలు ఇస్తామంది. అవి పూర్తిగా రాలేదని నిస్సాన్ చెన్నైలో ఊరుకోలేదు, జపాన్‌తో మనకున్న ఆర్థిక ఒప్పందం కింద భారతదేశం మీదే ఆర్బిట్రేషన్ వేసింది. అడిగింది 5 వేల కోట్ల రూపాయల పైమాటే. చివరికి 2020లో రాజీ అయింది. మాట ఇచ్చింది రాష్ట్రం. బోనులో నిలబడింది ఎవరు? మనందరం.

సరే, ఒక ప్రైవేటు కంపెనీ ఒక దేశాన్ని ఇలా నేరుగా లాగడం ఎలా సాధ్యం అని మీలో కొందరికి అనుమానం రావాలి. రావాలి కూడా. మామూలుగా రెండు దేశాల ఒప్పందం కింద తగువు వస్తే ఆ రెండు దేశాలే తేల్చుకోవాలి. పెట్టుబడి ఒప్పందాలు దీన్ని మార్చేశాయి. మొదటిది 1959లో జర్మనీ, పాకిస్తాన్ మధ్య. మనం ఈ దారిలోకి 1994లో బ్రిటన్‌తో ఒప్పందం చేసుకుని వచ్చాం. సంస్కరణల రోజులు, పెట్టుబడులు కావాలి, అందరూ చేసుకుంటున్నారు, మనమూ వరసగా చేసుకుంటూ పోయాం. వాటిలో ఉండే మాటలు చూస్తే చాలా మంచి మాటలు. విదేశీ పెట్టుబడిని న్యాయంగా, సమంగా చూస్తాం. పరిహారం ఇవ్వకుండా లాక్కోం. వేరే దేశం వాళ్లకి ఏ సౌకర్యం ఇస్తే మీకూ అదే ఇస్తాం. వీటికి ఎవరు అడ్డు చెబుతారు? చిక్కంతా ఈ మాటలకి అర్థం చెప్పేది మన సుప్రీంకోర్టు కాదు, ఆ కేసు కోసమే కూర్చున్న ముగ్గురు మధ్యవర్తులు. కంపెనీ ఒకరిని పెడుతుంది, దేశం ఒకరిని పెడుతుంది, మూడోవారు అధ్యక్షులు. వాళ్ల తీర్పు మీద మామూలు అప్పీలు లేదు. ఈ కేసులో మధ్యవర్తిగా కూర్చున్నవారు ఇంకో కేసులో అదే రకం కంపెనీ తరఫున వాదిస్తూ ఉండొచ్చు. దీని మీద ప్రపంచమంతా గొడవ జరిగి, 2023లో ప్రవర్తనా నియమావళి తెచ్చారు. నా అభిప్రాయం అడిగితే అది చాలా ఆలస్యంగా వచ్చింది.

మనకి మొదటి పెద్ద దెబ్బ ఎక్కడ తగిలిందో మీకు తప్పకుండా చెప్పాలి, ఎందుకంటే అది నేరుగా మన కోర్టుల గురించి. వైట్ ఇండస్ట్రీస్ అని ఆస్ట్రేలియా కంపెనీ. కోల్ ఇండియాతో 1989లో కాంట్రాక్టు, పిపర్వార్‌లో బొగ్గు గని. బోనస్, పెనాల్టీల దగ్గర తగువు వచ్చింది, మామూలు వాణిజ్య ఆర్బిట్రేషన్ జరిగింది, 2002లో కంపెనీ గెలిచింది. రావాల్సిన సొమ్ము సుమారు 40 లక్షల ఆస్ట్రేలియన్ డాలర్లు. కోల్ ఇండియా కలకత్తా హైకోర్టుకి వెళ్లి అవార్డు కొట్టేయమంది, కంపెనీ ఢిల్లీ హైకోర్టుకి వెళ్లి అమలు చేయమంది. అక్కడి నుంచి సుప్రీంకోర్టు. ఎనిమిదేళ్లు గడిచినా తేలలేదు. అప్పుడు కంపెనీ ఏం చేసింది? ఆస్ట్రేలియాతో మనకున్న పెట్టుబడి ఒప్పందం తీసి, భారతదేశం మీద కొత్త కేసు వేసింది.

ఇప్పుడు జాగ్రత్తగా వినండి. కోర్టుల్లో హక్కులు అమలు చేసుకోవడానికి సమర్థమైన మార్గం ఉంటుంది అన్న హామీ ఆస్ట్రేలియా ఒప్పందంలో లేదు. కువైట్‌తో మనం చేసుకున్న ఒప్పందంలో ఉంది. అందరితో సమానంగా చూస్తాం అన్నారు కాబట్టి కువైట్ వాళ్లకిచ్చిన హామీ మాకూ వస్తుంది అని కంపెనీ వాదించింది, ట్రిబ్యునల్ ఒప్పుకుంది. 2011 నవంబరులో మనం ఓడిపోయాం. ఏ మంత్రీ తప్పు చేయలేదు, ఏ అధికారీ లంచం తినలేదు. కేసు వాయిదాల మీద వాయిదాలు పడింది, అంతే. మనం రోజూ చూసే వాయిదాలే! మనకి అలవాటైపోయిన ఆలస్యాన్ని బయటివాళ్లు ఒప్పందం ఉల్లంఘన అన్నారు. నాకైతే ఆ అవార్డు చదివినప్పుడు కోపం వచ్చింది, కానీ కాదనడానికి మాట దొరకలేదు. ఒక మామూలు రైతు పరిహారం కోసం పాతికేళ్లు తిరుగుతాడు, అతనికి ఏ కువైట్ ఒప్పందమూ లేదు. ఈ తేడా గురించి మనం బాధపడాలి.

వొడాఫోన్, కెయిర్న్ మీరందరూ పేపర్లలో చదివే ఉంటారు, త్వరగా చెప్పేస్తాను. మన దేశంలోని మొబైల్ ఫోన్ వ్యాపారంలో హచిసన్ కంపెనీ వాటా కొన్నందుకు పన్ను కట్టమంటే వొడాఫోన్ 2012 జనవరిలో సుప్రీంకోర్టులో గెలిచింది. ఆ ఏడాది బడ్జెట్లోనే పాత తేదీ నుంచి వర్తించేలా చట్టం మార్చారు. 2020 సెప్టెంబరులో ట్రిబ్యునల్ ఇది న్యాయంగా చూడటం కాదంది. డిసెంబరులో, అదే పాత తేదీ పన్ను మీద కేసు వేసిన చమురు కంపెనీ కెయిర్న్‌కి 120 కోట్ల డాలర్లు, పైన వడ్డీ, ఖర్చులు ఇవ్వమని ఇంకో తీర్పు. కట్టకపోతే ఏమవుతుంది? కెయిర్న్ అమెరికాలో ఎయిరిండియా మీద దావా వేసింది, పారిస్‌లో మన ప్రభుత్వానికి చెందిన సుమారు 20 ఆస్తులు కోర్టు ఉత్తర్వుతో స్తంభించాయి. 2021 ఆగస్టులో పార్లమెంటు ఆ పాత తేదీ పన్నునే తీసేసింది, తర్వాత కెయిర్న్‌కి 7,900 కోట్ల దాకా తిరిగి ఇచ్చారు. పాకిస్తాన్ పరిస్థితి ఇంకా ఘోరం. రేకో దిక్ రాగి గని కేసులో 2019 జులైలో 580 కోట్ల డాలర్ల పైచిలుకు కట్టమని తీర్పు. అదే నెలలో ఐఎంఎఫ్ ఆ దేశాన్ని ఆదుకోవడానికి ఒప్పుకున్న అప్పు 600 కోట్ల డాలర్లు. పక్కపక్కన పెట్టి చూడండి ఆ రెండు అంకెలు.

అయితే ఇంక ప్రభుత్వాలు భయపడి చేతులు ముడుచుకు కూర్చోవాలా? జనం ఆరోగ్యం కోసం, అడవి కోసం ఏ నిర్ణయమూ తీసుకోకూడదా? ఇలా అనుకునేవాళ్లు ఉన్నారు. అధికారుల్లోనూ ఉన్నారు. దీనికి జవాబు మన గుంటూరుకి బాగా తెలిసిన సరుకులోనే ఉంది. పొగాకు. టొబాకో బోర్డు ఆఫీసు మన ఊళ్లోనే ఉంది కదా, ఇక్కడ పొగాకు వ్యాపారంతో సంబంధం ఉన్న కుటుంబాలు ఎన్నో. ఉరుగ్వే అని చిన్న దేశం, జనాభా 35 లక్షలు కూడా ఉండదు. సిగరెట్ పెట్టె మీద 80 శాతం హెచ్చరిక బొమ్మలు ఉండాలంది, ఒక బ్రాండులో ఒక్క రకమే అమ్మాలంది. ఫిలిప్ మోరిస్ స్విట్జర్లాండ్ ఒప్పందం కింద కేసు వేసింది. దేశం చిన్నది, కంపెనీ చాలా పెద్దది. 2016 జులైలో ఉరుగ్వే గెలిచింది. గెలవడమే కాదు, ఖర్చుల కింద 70 లక్షల డాలర్లు కంపెనీ నుంచి రాబట్టుకుంది. ఎలా గెలిచింది? ప్రపంచ ఆరోగ్య సంస్థ ట్రిబ్యునల్ ముందుకి వచ్చి ఈ చర్యలకి శాస్త్రీయ ఆధారం ఉందని చెప్పింది. అంతర్జాతీయ పొగాకు నియంత్రణ ఒప్పందం ప్రకారమే చేశాం అని ప్రభుత్వం చూపించగలిగింది. అంటే కారణం ఉంది, ఆ కారణం కాగితం మీద ఉంది. అదే ఏడాది ఏప్రిల్ నుంచి మన దేశంలో 85 శాతం హెచ్చరిక అమల్లోకి వచ్చింది, మరిచిపోకండి.

ఇప్పుడు మన రాష్ట్రానికి వద్దాం. నేను అసలు చెప్పాలనుకున్నది ఇది.

చింతపల్లి ఏజెన్సీలో జెర్రెల బాక్సైట్ కొండలు. 1997లో సుప్రీంకోర్టు సమతా తీర్పు వచ్చాక షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రైవేటు కంపెనీకి గని లీజు ఇవ్వడం కుదరదు. అందుకని ప్రభుత్వ ఖనిజాభివృద్ధి సంస్థ తవ్వి, మాకవరపాలెంలో కట్టే అన్‌రాక్ ఫ్యాక్టరీకి సరఫరా చేసేలా 2007లో ఏర్పాటు చేశారు. అందులో గల్ఫ్‌లో యూఏఈకి చెందిన రస్ అల్ ఖైమా ప్రభుత్వ పెట్టుబడి సంస్థకి వాటా ఉంది. ఫ్యాక్టరీ లేచింది, బాక్సైట్ రాలేదు. ఆదివాసులు ఒప్పుకోలేదు. 2015 నవంబరులో తవ్వకాలకి అటవీ భూమి ఇస్తూ జీవో 97 వచ్చింది, ఏజెన్సీ అంతా లేచింది, జీవో ఆగిపోయింది, 2019లో పూర్తిగా రద్దయింది. ఈలోగా రస్ అల్ ఖైమా సంస్థ యూఏఈ ఒప్పందం కింద భారతదేశానికి నోటీసు ఇచ్చి ఆర్బిట్రేషన్‌కి వెళ్లింది.

నేను మిమ్మల్ని ఒక్కటే అడుగుతాను. ఆ గదిలో ఎవరెవరు కూర్చుంటారు? కంపెనీ లాయర్లు ఉంటారు, భారత ప్రభుత్వ లాయర్లు ఉంటారు, మధ్యవర్తులు ఉంటారు. జెర్రెల మనిషి ఉంటాడా? ఆ కొండ మీద కాఫీ తోట వేసుకున్న ఆవిడ ఉంటుందా? ఈ గొడవంతా ఎవరి నేల గురించో వాళ్లకి అందులో కుర్చీ లేదు, చాలాసార్లు ఆ కాగితాలు చూసే వీలు కూడా ఉండదు. దీన్ని నేను అన్యాయం అంటాను. ఇంకో మాట లేదు.

కుర్చీ లేకపోతే వాళ్ల మాట లోపలికి వెళ్లే దారి ఏమిటి? పెరూలో జరిగింది చూద్దాం, అచ్చం మన జెర్రెల లాంటిదే. పునో ప్రాంతంలో సాంతా ఆనా అనే వెండి గని. బేర్ క్రీక్ అనే కెనడా కంపెనీ. ఐమరా ఆదివాసులు 2011లో రోడ్ల మీదకి వచ్చారు, నగరాలు స్తంభించాయి. ప్రభుత్వం ఆ ఏడాది జూన్‌లో కంపెనీకిచ్చిన అనుమతిని ఒక డిక్రీతో రద్దు చేసింది. ఆందోళనకారులతో మాట్లాడారు, కంపెనీని మాత్రం పిలవలేదు, వినలేదు. 2017 నవంబరులో తీర్పు. పెరూ ఓడిపోయింది. ఎందుకు? వినకుండా రద్దు చేశారు కాబట్టి. కానీ కంపెనీ అడిగింది 52 కోట్ల డాలర్లు, వచ్చింది కోటి 82 లక్షలు. ఎందుకంత తగ్గింది? ఇన్ని ఊళ్లు వద్దంటున్న ప్రాజెక్టు లాభాల్లోకి వచ్చేదని ఎలా నమ్మాలి అంది ట్రిబ్యునల్. రాని లాభం లెక్కలో వేయలేదు, పెట్టిన ఖర్చు మాత్రమే ఇచ్చింది. ముగ్గురిలో ఒకరు, ఫిలిప్ శాండ్స్, ప్రజల్ని ఒప్పించుకోలేకపోవడంలో కంపెనీ తప్పు కూడా ఉంది కాబట్టి అందులోనూ సగం తగ్గించాలని విడిగా రాశారు. అక్కడి ఒక హక్కుల సంఘం ట్రిబ్యునల్‌కి వినతి పెట్టుకుని తమ మాట రాతపూర్వకంగా వినిపించింది కూడా.

అర్థమైందా ఏం జరిగిందో? ప్రజల వ్యతిరేకత రికార్డులో ఉన్నందుకు 50 కోట్ల డాలర్లు మిగిలాయి. కంపెనీని పిలిచి వినలేదని రికార్డు చెప్పినందుకు కోటి 82 లక్షలు పోయాయి. రెండూ కాగితాలే. గ్వాదల్కాసర్‌లో కూడా ఒక్క నోటీసు ఇచ్చి, విని, కారణాలు రాసి ఉంటే కంపెనీ వాదన అంత బలంగా ఉండేది కాదని నేను అనుకుంటాను.

అందుకే మీకు చెబుతున్నాను. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో గ్రామసభలకి అధికారాలిచ్చే పీసా చట్టం కింద గ్రామసభ పెడితే ఆ తీర్మానం సరిగ్గా రాయించండి. ఎవరు మాట్లాడారు, ఏమన్నారు, ఏ నీటి ఊట గురించి అన్నారు, పేరుతో సహా. "సభ్యులందరూ వ్యతిరేకించిరి" అని ఒక్క లైను రాసి సంతకాలు పెడితే సరిపోదు. 2006 పర్యావరణ నోటిఫికేషన్ ప్రకారం ప్రజాభిప్రాయ సేకరణని వీడియో తీయాలి, జనం లేవనెత్తిన అంశాల్ని స్థానిక భాషలో కూడా రాయాలి. రాస్తున్నారా? మీలో ఎంతమంది అలాంటి సభకి వెళ్లి మినిట్స్ కాపీ అడిగి తీసుకున్నారు? మీరు వెళ్లాలి. అక్కడ మన అవసరం ఉంది. అటువైపు ప్రభుత్వ ప్లీడర్లుగా ఉన్నవాళ్లు అధికారులకి చెప్పండి, రద్దు చేయాల్సి వస్తే చేయండి, అది మీ హక్కు, కానీ ముందు షోకాజ్ నోటీసు ఇవ్వండి, రమ్మనండి, వినండి, కారణాలతో స్పీకింగ్ ఆర్డర్ ఇవ్వండి. ఇది మనకి కొత్తదా? సహజ న్యాయం అని మొదటి ఏడాదే చదువుకున్నాం.

2019లో మన రాష్ట్రంలో గాలి, సౌర విద్యుత్ ఒప్పందాల ధరలు తిరగదోడదామన్నప్పుడు ఇదే టెన్షన్. విదేశీ పెట్టుబడులు ఉన్న కంపెనీలు, బయటి ప్రభుత్వాల నుంచి ఆందోళనలు. అది మన హైకోర్టులోనే నడిచింది. మధ్యంతరంగా యూనిట్‌కి 2 రూపాయల 43, 44 పైసలు కట్టమని, చివరికి 2022 మార్చిలో డివిజన్ బెంచ్ ఒప్పందంలో ఉన్న ధరే కట్టాలని చెప్పింది. ధర ఎక్కువా కాదా అన్నది వేరే చర్చ. మన కోర్టు రెండున్నరేళ్లలో తేల్చింది, అది ముఖ్యం. అమరావతి స్టార్టప్ ఏరియా కూడా అంతే, సింగపూర్ కంపెనీలతో ఉన్న ఒప్పందం 2019 నవంబరులో రెండు పక్షాలూ ఒప్పుకుని ముగించుకున్నాయి. సింగపూర్‌తో 2005 ఒప్పందంలో కంపెనీ నేరుగా ఆర్బిట్రేషన్‌కి వెళ్లే దారి ఉంది. ఆ సంగతి తెలిసినవాళ్లు టేబుల్ దగ్గర ఉంటే ఇలా ముగించుకోవచ్చు.

దేశం కూడా పాఠం నేర్చుకుంది. 2016 నమూనా ఒప్పందం వచ్చింది, పాత ఒప్పందాల్ని వరసగా రద్దు చేశారు. రద్దు చేసినా అప్పటికే పెట్టిన పెట్టుబడులకి పది, పదిహేనేళ్ల దాకా రక్షణ ఉంటుంది, కాబట్టి పాతవి పోయాయని తేలిగ్గా తీసుకోకండి. కొత్త నమూనాలో పన్నుల వ్యవహారాన్ని ఒప్పందం పరిధి నుంచి తప్పించారు, కువైట్ మాటని ఆస్ట్రేలియాకి తెచ్చే దారి మూసేశారు, ముందు మన కోర్టుల్లో ఐదేళ్లు పోరాడాలన్నారు. నా దృష్టిలో కొన్ని చోట్ల మరీ బిగించారు, అందుకే ఎక్కువ దేశాలు సంతకం పెట్టలేదు. యూఏఈతో కొత్త ఒప్పందం 2024 ఆగస్టు 31న అమల్లోకి వచ్చింది, అందులో ఐదేళ్లు మూడేళ్లయింది.

ఇంకో చట్టపరమైన ముడి ఉంది, లా విద్యార్థులు రాసుకోండి. ఇలాంటి అవార్డుని మన దేశంలో అమలు చేయాలంటే 1996 ఆర్బిట్రేషన్ చట్టం వర్తిస్తుందా? ఢిల్లీ హైకోర్టు వొడాఫోన్ కేసులో 2018లో, ఖైతాన్ కేసులో 2019లో, ఇది వాణిజ్య తగువు కాదు కాబట్టి ఆ చట్టం వర్తించదంది. పెట్టుబడి తగువుల కోసం ప్రపంచ బ్యాంకు కింద నడిచే ఇక్సిడ్‌లో మనం సభ్యులం కాదు. మరి ఏ చట్టం కింద అమలు చేయాలి? సుప్రీంకోర్టు దీన్ని తేల్చాలి, లేదా పార్లమెంటు రాయాలి. మంచి డిసర్టేషన్ అవుతుంది, ఎవరైనా తీసుకోండి.

ఆ మూడేళ్ల సంగతి మళ్లీ చెబుతాను. యూఏఈ కంపెనీకి మన రాష్ట్రంతో తగువు వస్తే ముందు మూడేళ్లు ఎక్కడ నడుస్తుంది? నేలపాడులో మన హైకోర్టులో, మన కమర్షియల్ కోర్టులో నడుస్తుంది. అక్కడ వేసిన కౌంటర్, అక్కడ మార్క్ చేసిన డాక్యుమెంట్, మీరు చేసిన క్రాస్ ఎగ్జామినేషన్, రేపు ఆర్బిట్రేషన్‌లో ఎగ్జిబిట్లు. ఆ కౌంటర్ రాసేది ఇక్కడ కూర్చున్న మీలో ఒకరు కావచ్చు. యూఏఈ ఒప్పందం పూర్తి పాఠం ఆన్‌లైన్‌లో దొరుకుతుంది, ముందు అది చదవండి, తర్వాత బేర్ క్రీక్ తీర్పు చదవండి, అది కూడా బహిరంగంగానే ఉంది.

ఇంక ప్రశ్నలు తీసుకుంటాను. ముందు ఆ మూడో వరసలో అమ్మాయి చాలాసేపటి నుంచి చెయ్యెత్తి ఉంది, అడగమ్మా.